సిరలో వదిలే చుట్ట

నూటికి సుమారు 15 మంది మగవాళ్లకు వేరికోసీల్ ఉంటుంది. అంటే వృషణాల పైనుండే సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. ఎక్కువగా ఎడమవైపే. దీన్ని కోత లేకుండా మూసేయడం మా పని. మెడలోనో తొడ మొదట్లోనో సిరలోకి సన్నని గొట్టం ఎక్కించి, ఎడమ కిడ్నీ సిర మీదుగా దిగి, పాడైన సిరలో కాయిల్స్ అనే లోహపు తీగ చుట్టలు పెడతాం. చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లిపోతారు.

అందుకే "సూది పోటే కదా సార్, భయమేముంది?" అంటారు. ఆ మాటకు వెంటనే తలూపలేను.

గొట్టం తగిలితే సిర బిగుసుకుంటుంది. తెరమీద సన్నగా కనిపిస్తుంది. ఆ కొలతకు కాయిల్ ఎంచుకుంటే, కాసేపటికి సిర వదులై, చుట్ట పట్టు తప్పుతుంది. ఆగాలి, సిర తేరుకోనివ్వాలి, దాని అసలు వెడల్పు కంటే కొంచెం పెద్ద చుట్టే పెట్టాలి. మొదటి మెలిక గోడకు ఆనుకుని నిలిచిందా లేదా అని చూసే ఆ కొన్ని క్షణాల్లోనే మా పనితనమంతా ఉంటుంది. నచ్చకపోతే వెనక్కి లాక్కునే రకం కాయిల్స్ ఉన్నాయి. అవి వచ్చాక నా గుండె కుదుటపడింది.

ధమనిలో జారిన వస్తువు ముందుకు పోయేకొద్దీ దారి ఇరుకై ఎక్కడో ఆగుతుంది. సిరలో దారి వెడల్పవుతూ పోతుంది. పట్టు తప్పిన చుట్ట కిడ్నీ సిర, పెద్ద సిర, గుండె కుడి గదులు దాటి ఊపిరితిత్తుల ధమనిలో గానీ ఆగదు. ఇది చాలా అరుదు. అలా చేరిన కాయిల్ చాలాసార్లు ఏ ఇబ్బందీ పెట్టదు. అవసరమైతే ఉచ్చు తీగతో పట్టి బయటికి తీస్తారు. గొట్టాన్ని నడిపించే తీగ మొన గుచ్చుకుని సిర చిట్లడమూ ఉంది, అది మామూలుగా దానంతటదే సర్దుకుంటుంది. సిరను మూసే నురుగు మందు కూడా వాడితే, అది వృషణం వైపు దిగకుండా గజ్జల దగ్గర నొక్కి పట్టాలి.

ఇవన్నీ సంతకానికి ముందే, పేషెంట్‌నూ భార్యనూ కూర్చోబెట్టి చెబుతాను. అరుదు కదా అని దాటేస్తే, ఇంటికెళ్లాక ఛాతీలో నొప్పో ఆయాసమో వచ్చినప్పుడు గ్యాస్ అనుకుని మాత్ర మింగుతాడు. డిశ్చార్జ్ కాగితం మీద కాయిల్స్ ఎన్ని, ఏ లోహం, ఏ సిరలో అన్నది తెలుగులో రాయిస్తాను. పదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఛాతీ ఎక్స్‌రే తీసిన డాక్టరుకు ఊపిరితిత్తిలో తీగ కనిపిస్తే, అదేమిటో ఆ కాగితమే చెప్పాలి.