కొల్లేటి సీమలో వ్యాధియు విశ్వాసమును – రెండు నవలల పరిశీలనము

మన సాహిత్యవిమర్శలో వ్యాధియు విశ్వాసమును ఒక్కచోట కనబడినప్పుడు విమర్శకులు చేయు పని సాధారణముగా ఒక్కటే. దానిని మూఢవిశ్వాసమని పేర్కొని, రచయిత దానిని ఖండించెనా సమర్థించెనా యని విచారించి, అంతటితో విడిచిపుచ్చుదురు. కన్యాశుల్కములో భూతములను సీసాలో బంధించితినని చెప్పు పూజారి గవరయ్యను గూర్చిన చర్చ చాలవఱకు ఈ త్రోవనే నడచినది. గవరయ్య వంచకుడన్నది నిజమే. కాని అతని సీసాకు విలువ కల్పించినది లుబ్ధావధాన్లు గుండెలోని భయము. ఆ భయమునకు మూలము ముదిమిలో పసిపిల్లను కొనబోయిన అతని పనియందే యున్నది. భూతము లేకపోయినను భయము ఉండగలదనియు, ఆ భయమునకు మనుష్యుని నడవడిని మార్చు బలము కలదనియు గురజాడ ఎఱుగును. విమర్శకులు సీసాను చూచి నవ్విరి. భయమును గూర్చి తక్కువగా పలికిరి.

ఈ వ్యాసమున మేము తలపెట్టినది ఆ రెండవదానిని గూర్చిన విచారణ. మనుష్యుడు తన్ను గూర్చియు తన రోగమును గూర్చియు ఏమి నమ్మునో, ఆ నమ్మకము అతని మనఃస్వాస్థ్యమును, వైద్యునికడకు పోవుటను, పోకపోవుటను ఎట్లు నిర్ణయించునో చూడవలెనని మా ఉద్దేశము. ఇందులకు బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' అను రెండు నవలలను గైకొనుచున్నాము. రెండును స్వాతంత్ర్యము వచ్చిన నాటికి కొంచెము ఇటునటుగా వెలువడినవి. రెండును మనోవైజ్ఞానిక నవలలుగా పేరొందినవి. ఈ ఎన్నికకు స్థలమును ఒక కారణమే. కైకలూరున నిలిచి చూచినచో కొల్లేటికి ఆవల ఉత్తరమున ఏలూరు, 1916లో బుచ్చిబాబు పుట్టిన యూరు. పడమటి దెసను గుడివాడ చెంత అంగలూరు, 1910లో గోపీచంద్ పుట్టిన యూరు. కైకలూరు చిరకాలము కృష్ణా జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది. జిల్లా మారినను సరస్సు మారలేదు, దాని చుట్టునున్న నమ్మకములును మారలేదు. నవలలకు ముందు ఆ నమ్మకములనే కొంత పరికింపవలసియున్నది.

ఈ సీమలోనేమి, తక్కిన తెలుగునాటనేమి, రోగమును గూర్చి జనులు పలుకు వాక్యముల నిర్మాణము గమనింపదగినది. మశూచికమును 'అమ్మవారు' అనిరి. 'అమ్మవారు పోసినది' అనిరి. 'గాలి సోకినది', 'దిష్టి తగిలినది', 'దయ్యము పట్టినది', 'పూనకము వచ్చినది' అనుట నేటికిని కలదు. ఈ వాక్యములలో ఎచ్చటను రోగి కర్త కాడు. వచ్చునది, సోకునది, పట్టునది వేఱొకటి. రోగి కేవలము దానికి చోటైనవాడు. వైయాకరణులకు ఇది చిన్న విషయముగా తోచవచ్చును గాని, మంచమున పడియున్నవానికి చిన్నది కాదు. నీవు చెడ్డవాడవు గనుక నీకు ఇట్లైనది అని ఆ వాక్యము పలుకుట లేదు. తప్పు ఏదైన నున్నచో అది ఇంటివారందఱిది, లేదా ఊరివారందఱిది: మ్రొక్కు చెల్లింపలేదు, జాతర సరిగా చేయలేదు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు ఫాల్గుణమాసమున జరుగు జాతరకు లంకగ్రామముల వారు తరలివచ్చుట మనమెఱిగినదే. ఆ జనసమూహములో రోగగ్రస్తుని ఇల్లు ఒంటరి కాదు.

నమ్మకముతోపాటు నడవడియు వచ్చును. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మమునకు వేపమండలు కట్టుట, రోగిప్రక్క వేపాకు పఱచుట, కూరలో పోపు మానుట, పరులను లోనికి రానీయకుండుట, తగ్గినపిదప పసుపును వేపాకును కలిపిన నీళ్ళు పోయుట – ఇవి ఆచారములు. అంటువ్యాధి సోకినవానిని వేఱుగా నుంచవలెనని నేటి వైద్యులు చెప్పు మాటను వేపమండ వేఱొక భాషలో చెప్పినదనవచ్చును. అయినను ఇదే నమ్మకము టీకాలవాడు వీధిలోనికి వచ్చినప్పుడు పిల్లలను దాచుటకును కారణమైనది. టీకా వేయించుకొనిన తల్లి ఆగ్రహించునను భయము అప్పటి పల్లెలలో చిన్నది కాదు. మన దేశమున మశూచికము 1975లో అంతరించినది; 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది లోకమునుండియే తొలగినదని ప్రకటించినది. రోగము పోయినను మాట పోలేదు. నీటిపొక్కుల జ్వరము నేటికిని ఆటలమ్మయే.

ఇచ్చట కొల్లేటి ఐతిహ్యమొకటి మా విచారణకు అక్కఱకు వచ్చుచున్నది. కొల్లేటికోటలో గజపతుల కోట యుండెనట. శత్రువులు ఒడ్డుననున్న చిగురుకోట కడ విడిసి, సరస్సు నీరు సముద్రములోనికి పోవునట్లు నేటి ఉప్పుటేఱున్న చోట కాలువ త్రవ్వింపబూనిరట. కోటను కాచుచున్న సేనాపతి దైవానుగ్రహము కొఱకు తన కూతునే బలి యిచ్చెననియు, అందుచేత ఆ కాలువకు 'పేరంటాల కనమ' యను పేరు వచ్చెననియు చెప్పుదురు. చరిత్రగా దీని విలువ ఎంతయో చరిత్రకారులు చూచుకొందురు. మేము ఆ పేరును చూచుచున్నాము. పేరంటాలు అను మాట మన పల్లెలలో చనిపోయి దేవతయైన స్త్రీకి చెల్లును. ఒక ఆడుపిల్ల ప్రాణమునకు తాము ఋణపడితిమను తలంపు జనుల మనస్సును బాధించినప్పుడు, వారు ఆమెను ప్రవాహమునకు పేరుగా నిలిపి, ఆ బాధకు వెలుపల ఒక చోటు కల్పించుకొనిరి. పిల్లకు దీనివలన ఒరిగినది లేదు. బ్రదికియున్నవారి మనస్సుకు మాత్రము ఒరిగినది.

దయానిధికి అట్టి చోటు లేదు. 'చివరకు మిగిలేది' నాయకుడు వైద్యవిద్య చదివినవాడు. గాలిని, దిష్టిని నమ్మువాడు కాడు. అయినను అతని జీవితమంతయు ఒక నమ్మకము చుట్టు తిరుగును. తల్లి నడవడిని గూర్చి లోకము చెప్పుకొను మాట అతని వెంట నడచును. ఊరు మారినను, చదువు ముగిసినను విడువదు. విమర్శకులలో కొందఱు ఇందు హామ్లెట్‌ను చూచిరి, కొందఱు ఫ్రాయిడ్ చెప్పిన మాతృబంధమును చూచిరి. హామ్లెట్ మీద మన విమర్శకులకున్న మక్కువ అందఱకును తెలిసినదే. ఆ పోలికలు తప్పని మేము అనము. కాని అవి సన్నివేశమును డెన్మార్కునకో వియన్నాకో తరలించి, ఇచ్చటి ముఖ్యవిషయమును మఱుగుపఱచుచున్నవి. తల్లిని గూర్చిన మాట నిజమా కాదా యనునది మా ప్రశ్నకు అవసరము కాదు. దయానిధి దానిని తన రక్తములోని మచ్చగా నమ్మెను; అది చాలును. ఎవరైన నవ్వినచో అది తన్ను జూచియే యని వినును. తన్ను కాదందురని ముందే నిశ్చయించుకొని, చేరువకు వచ్చినవారియెడ తడబడి, ఆ తడబాటు ఫలితమును తన నమ్మకమునకు సాక్ష్యముగా గ్రహించును. కోమలియెడ, అమృతముయెడ, భార్య ఇందిరయెడ అతని నడవడిలో ఈ చక్రము వేఱు వేఱు వేగములతో తిరుగును.

పల్లెవాని నమ్మకమునకును వైద్యుడైన దయానిధి నమ్మకమునకును భేదము ఇచ్చటనే యున్నది. మొదటిది రోగమును వెలుపల పెట్టును. రెండవది లోపల పెట్టును. మొదటిదానికి జాతర కలదు, మ్రొక్కు కలదు, గడువు కలదు. రెండవదానికి గడువు లేదు. లోకము ఒక స్త్రీని పేరంటాలుగా చేయగలదు, వేఱొక స్త్రీని పుకారుగా చేయగలదు. ఆ పుకారునకు కొడుకైనవాడు ఏ గుడికి పోవలెను? విద్య అతనికి మొదటి విధమైన విశ్వాసమును పోగొట్టినది. రెండవదానిని తాకనైన లేదు. దానిని విశ్వాసమని అతడు గుర్తింపనే లేదు, సత్యమనుకొనెను. నవలలోని లోపము ఒకటి ఇచ్చట చెప్పవలసియున్నది. బుచ్చిబాబు తన నాయకుని ఆలోచనలయందు ఎంత తన్మయుడగునన్న, అతని చుట్టునున్న స్త్రీలు తమ బాధను తాముగా అనుభవించు తావులు కొఱవడినవి. క్షయతో బాధపడు ఇందిర తన రోగమును గూర్చి ఏమి నమ్మెనో తెలిసికొనవలెనని పాఠకునికి తోచును. నవల ఆమె మంచముకడ కంటె దయానిధి ఆలోచనలకడ ఎక్కువసేపు నిలుచును.

గోపీచంద్ నవలలో సీతారామారావు కథ మఱింత కఠినము. అతని విశ్వాసము వంశప్రతిష్ఠ. ఆస్తి యున్నంతవఱకు ఆ విశ్వాసము ఔదార్యముగా కనబడును: అడిగినవానికెల్ల ఇచ్చును. ఆస్తి కరగినపిదపను విశ్వాసము కరగదు. పని చేసికొని బ్రదుకుట అవమానమగును, సాయము కోరుట అంతకంటె అవమానమగును. మిగిలినది తర్కము; ఆ తర్కముతో అతడు భార్యను బిడ్డను నొప్పించి, తన్ను తాను తినివేసికొని, చివరకు మతి చెదరి శ్మశానమున ప్రాణము విడుచును. గోపీచంద్ త్రిపురనేని రామస్వామి చౌదరి కుమారుడన్న సంగతి ఇచ్చట స్మరింపదగినది. తండ్రి పురాణములలోని విశ్వాసములను ప్రశ్నించి పేరుగాంచినవాడు. ఏ పురాణమునను లేని విశ్వాసమొకటి నాస్తికుల ఇండ్లలోను ఆస్తికుల ఇండ్లలోను సమానముగా మనుష్యుని చంపగలదని కుమారుడు చూపెను. మా దృష్టిలో ఈ విషయమున 'అసమర్థుని జీవయాత్ర' తోడి నవల కంటె స్పష్టమైనది. అందము తక్కువైనను గుఱి తప్పనిది.

పల్లె నమ్మకములను మేము అతిగా మన్నించుచున్నామని ఆక్షేపము రావచ్చును. ఆ మన్నింపునకు హద్దు కలదు. 2001 ఆగస్టు 6న తమిళనాటి ఎర్వాడిలో, దర్గా మహిమచేత నయమగునని నమ్మి బంధువులు తెచ్చి విడిచిన మనోరోగులు, సంకెళ్ళతో కట్టబడియున్న కారణమున అగ్నిప్రమాదమునుండి తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. రోగమును వెలుపలికి నెట్టు నమ్మకము కొన్నిచోట్ల రోగినే వెలుపలికి నెట్టును. మనోరోగులను ఏ విధముగానైనను గొలుసులతో బంధింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. అదే విధముగా, అంతయు మనస్సులోనిదే యనుటయు ప్రమాదమే. 2020 డిసెంబరు 5 మొదలు ఏలూరులో జనులు ఉన్నట్లుండి మూర్ఛతో పడిపోయిరి. ఆఱువందలకు మించి ఆసుపత్రి పాలైరి, ఒకరు మరణించిరి. అనేకులు త్వరలోనే తేఱుకొనిరి. ఢిల్లీలోని ఎయిమ్స్ వారి పరీక్షలలో రక్తమున సీసము, నికెల్ కనబడినవి. పురుగుమందుల అవశేషములమీదను నిపుణుల అనుమానము పోయినది. పేరు లేని ఆ రోగమును చూచి పట్టణము వణికిన మాట నిజమే. అంతమాత్రమున ఆ మూర్ఛలు భయముచేత పుట్టినవనుట తగదు.

మేము చెప్పదలచినది ఇంకను ఇఱుకైన విషయము: రోగము ఎచ్చటినుండి వచ్చినను, దానికి మనుష్యుడు చేయు ప్రతిక్రియ నమ్మకము గుండా పోవలసియున్నది. 1950ల నాటి అమెరికాలో క్షయపరీక్షకు ఎక్స్‌రే ఉచితముగా తీయించుచున్నను జనులు రాకపోవుటను చూచి, హాక్‌బామ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు మూడు నగరములలో విచారించెను. తనకును క్షయ రావచ్చుననియు, ముందుగా కనుగొనుట మేలనియు రెండింటిని నమ్మినవారిలో నూటికి 82 మంది అంతకుముందే స్వచ్ఛందముగా ఎక్స్‌రే తీయించుకొనిరి. రెండును నమ్మనివారిలో 21 మంది మాత్రమే. ఎక్స్‌రే బండి అందఱి వీధిలోను నిలిచినది. నమ్మకము మాత్రము అందఱి ఇంటను లేదు.

మన సీమలో ఈ రెండు నమ్మకములకు తోడు సీతారామారావు నమ్మకమును చేర్చి లెక్కింపవలెను. అదియే పరువు. ఇంట నొకరికి మతి చలించినచో, ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధము తప్పునను భయము వైద్యునికంటె ముందు గుమ్మమున నిలుచును. ఎఱ్ఱగడ్డ, విశాఖపట్నము అను ఊళ్ళ పేళ్ళు ఆసుపత్రుల కారణమున తిట్లుగా మాఱినవి. జ్వరమునకు ఏలూరో గుడివాడయో పోవుటకు వెనుదీయని కుటుంబము, నిద్ర పట్టుట లేదని, చావవలెనని తోచుచున్నదని చెప్పు కోడలిని భూతవైద్యునికడకు కొనిపోవుటకు కారణము భూతముమీది నమ్మకమే యని మేము ఒప్పుకొనజాలము. 'గాలి సోకినది' అన్నచో పరువు పోదు; 'మనోరోగము' అన్నచో పోవును. ఆ పిల్ల తన బాధకు పేరు ఎన్నుకొనుట లేదు. ఇంటివారు తమకు తక్కువ ఖరీదైన పేరును ఎన్నుచున్నారు. దీనిని మూఢవిశ్వాసమని తిట్టిన విమర్శకుడు గవరయ్య సీసాను పగులగొట్టినంత మాత్రమే చేసినవాడగును.

దయానిధి కడకు రాయలసీమకు పోయి అచ్చట వైద్యము చేయును. విమర్శకులు ఆ భాగమును నవలకు అతికిన ముక్కగా భావించుట కలదు. వజ్రము దొరకుట మాకును అంత రుచింపలేదు. కాని తల్లి కథ ముందుగా చేరని ఊరిలోనే అతని చేతికి పని కుదిరినదన్న సంగతిని వారు విడిచిపెట్టిరి. ఏలూరు ప్రాంతమువాడైన రచయిత తన వైద్యుని అంత దూరము పంపవలసివచ్చుట, ఇచ్చటి వీధులను గూర్చి అతడు నేరుగా చెప్పని విమర్శగా మేము గ్రహించుచున్నాము.