కొల్లేటి ఊళ్ళకు ఏ దీపం?

ఊరు శివార్లకు పాకి, రోడ్డుకు రెండు వైపులా దుకాణాలు లేచాక రోడ్డు మధ్యలో డివైడర్ కడతారు, సెంట్రల్ లైటింగ్ పెడతారు, ఆ వెనకే అలంకార దీపాల మాట వస్తుంది. ఏలూరులో వట్లూరు వైపు, తాడేపల్లిగూడెంలో నిట్ ఉన్న కడకట్ల వైపు, కైకలూరు బజారులో ఈ నిర్ణయం ఇవాళ కాకపోతే రేపు తీసుకోవలసిందే. మునిసిపాలిటీ బల్ల మీదకో, పంచాయతీ బల్ల మీదకో ఒక కేటలాగు చేరుతుంది. అందులో సీతాకోకచిలుక రెక్కల దీపాలు, తామరమొగ్గ గ్లోబులు, స్తంభానికి చుట్టిన రంగుల స్ట్రిప్ లైట్లు, పాత లండన్ లాంతరు నమూనాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ బొమ్మలు పగలు తీసినవో, స్టూడియోలో తీసినవో. పగటి బొమ్మ చూసి రాత్రి పనిచేసే వస్తువును ఎంచుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుందని నా అభిప్రాయం. కొల్లేరు సరస్సు చుట్టుపక్కల ఊళ్ళలో వీధి దీపాన్ని ఎంచేటప్పుడు ముందు చూడాల్సింది దాని వెలుగు ఎక్కడ పడుతుంది, ఏ రంగులో పడుతుంది, ఎంతసేపు పడుతుంది అన్నవి. స్తంభం ఆకారం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. డబ్బు కూడా ఆ వరుసలోనే ఖర్చు కావాలి.

గ్లోబు దీపాన్నే తీసుకుందాం. పార్కుల్లో, కాలువ గట్ల మీద, కొత్త లేఅవుట్ల ముందు కనిపించే తెల్లటి గుండ్రటి దీపం అందరికీ తెలిసిందే. దాని వెలుగు అన్ని దిక్కులకూ సమానంగా పోతుంది కాబట్టి దాదాపు సగం ఆకాశంలోకి పోతుంది. మిగిలిన దాంట్లో కొంత ఎదురుగా వచ్చేవాడి కళ్ళలో కొడుతుంది, కొంత మేడ మీద పడకగదిలోకి వెళుతుంది. నడిచేవాళ్ళ కాళ్ళ ముందు పడేది కొద్దిపాటి భాగమే. అదే విద్యుత్తుతో, పైన మూత ఉండి వెలుగును కిందికి మాత్రమే వదిలే దీపం పేవ్‌మెంటు మీద ఎంతో ఎక్కువ కాంతిని పరుస్తుంది. పైగా మన దగ్గర వానాకాలం వచ్చేసరికి గ్లోబు అడుగున చచ్చిన పురుగులు పేరుకుంటాయి, రెండు మూడు వేసవులకు ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. అప్పుడది పగలు కూడా అందంగా ఉండదు.

ఎంత వెలుగు కావాలన్న దానికి, లక్స్ అనే కొలతలో, లెక్క ఉంది. వీధి దీపాలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 1944. రకరకాల వాహనాలు కలిసి తిరిగే ఊరి ప్రధాన రోడ్డు మీద సగటున 15 లక్స్, అంతకంటే చిన్నదైన దుకాణాల వీధిలో 8 లక్స్ చాలని అది చెబుతుంది. దానితో పాటు, అన్నిటికంటే తక్కువ వెలుగున్న చోట కూడా సగటులో 30 నుంచి 40 శాతానికి తగ్గకూడదని చెబుతుంది. మన వీధుల్లో ఎక్కువగా తప్పేది ఈ రెండో షరతే. స్తంభం కింద కళ్ళు జిగేల్మంటాయి, రెండు స్తంభాల నడుమ గుంట కనిపించదు. మన కన్ను తనకు కనిపించే అతి ప్రకాశమైన చోటుకు తగ్గట్టు సర్దుకుంటుంది. దీపాన్ని ఎంత పెంచితే పక్కనున్న నీడ అంత చిక్కబడుతుంది. రాత్రిపూట ఆడవాళ్ళ భద్రత కోసం వెలుగు పెంచాలనే వాదన న్యాయమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ భద్రత దక్కేది మాత్రం రోడ్డు పొడవునా చీకటి మడుగులు లేకుండా పరుచుకున్న వెలుగులో, ఎదురుగా వస్తున్న మనిషి ముఖం కనిపించే వెలుగులో. దీపం కళ్ళలో కొడుతుంటే ఆ ముఖమే కనిపించదు.

ఇక రంగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఛిన్నాభిన్నం చేశాక, ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ అక్కడ తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చింది. 2015 జనవరిలో దేశవ్యాప్త వీధి దీపాల పథకం మొదలైంది. కరెంటు ఖర్చు దాదాపు సగానికి దిగింది, అది చిన్న విజయమేమీ కాదు. ఆ దీపాలు ఎక్కువగా చల్లటి తెలుపువి, రంగు ఉష్ణోగ్రత 5,000 కెల్విన్‌కు పైన. ఆ అంకె పెరిగేకొద్దీ వెలుగులో నీలం పాలు పెరుగుతుంది. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వీధి దీపాలు 3,000 కెల్విన్‌కు మించవద్దనీ, వాటికి మూతలు ఉండాలనీ, రాత్రి పొద్దుపోయాక తగ్గించాలనీ సూచించింది. రాత్రిపూట నీలం కాంతి నిద్రను చెడగొడుతుందన్నది దానికి ఒక కారణం. కాలిఫోర్నియాలో డేవిస్ అనే చిన్న ఊరు 2014లో కొత్తగా పెట్టిన తెల్లటి ఎల్‌ఈడీలను, ఇళ్ళవాళ్ళు అభ్యంతరం చెప్పడంతో, సొంత ఖర్చుతో తీసేసి 2,700 కెల్విన్ దీపాలు పెట్టుకుంది. మన ఊళ్ళు ఆ రెండో ఖర్చు లేకుండానే సరైన రంగుకు రావచ్చు.

దీనికి వ్యాపారుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. పసుపు వెలుగులో చీర రంగు తెలియదు, బజారు డీలాగా కనిపిస్తుంది అంటారు. ఇది పాత సోడియం దీపాల అనుభవం నుంచి వచ్చిన మాట, ఆ అనుభవం నిజమైనదే. సోడియం దీపం రంగులను చూపించే సామర్థ్యం వందకు పాతిక దగ్గరే ఆగిపోయేది. ఈనాటి వెచ్చని ఎల్‌ఈడీలో అది 70, 80 దాకా ఉంటుంది. ఎరుపు ఎరుపుగానే, ఆకుపచ్చ ఆకుపచ్చగానే కనిపిస్తాయి. సరుకు చూపించడానికి దుకాణం లోపలి దీపాలు ఎలాగూ ఉన్నాయి. రోడ్డు మీద వెలుగు మృదువుగా ఉంటే ఆ అద్దాల వెనక వెలుగే ముందుకు వస్తుంది. వెచ్చని దీపం అదే కరెంటుకు కాస్త తక్కువ వెలుగిస్తుందన్నది మరో అభ్యంతరం. నిజమే, కానీ ఆ నష్టం సుమారు పదో వంతే. దుకాణాలు మూసేశాక, రాత్రి 11 తర్వాత దీపాలను సగానికి తగ్గిస్తే ఆ నష్టం తీరిపోయి ఇంకా మిగులుతుంది. దీపాలను వేళకు వెలిగించి ఆర్పే నియంత్రణ పెట్టెలు ఈఈఎస్‌ఎల్ పథకంతోనే చాలా పట్టణాలకు వచ్చాయి; వెలుగు తగ్గించే వీలు దీపంలోనే ఉండాలని టెండరులో రాసుకోవాలి.

ఇక్కడిదాకా చెప్పినవి ఏ ఊరికైనా సరిపోతాయి. కొల్లేటి ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించేవి వేరే ఉన్నాయి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, వరిచేలూ చేపల చెరువులూ ఆనుకున్న ఈ నేలలో దీపం పెట్టడమంటే పురుగును పిలవడమే. తొలకరి తర్వాత ఈసుళ్ళు లేచిన సాయంత్రం టిఫిన్ బండివాళ్ళు దీపాలు ఆర్పేసుకోవడం ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. పురుగుకు వెలుగు మీద ఉన్న ఈ ఆకర్షణను మన రైతులు ఏనాడో వాడుకున్నారు. చేలో బల్బు వేలాడదీసి, కింద నీళ్ళ తొట్టిలో కాస్త కిరోసిన్ పోస్తే కాండం తొలిచే పురుగు రెక్కల పురుగులూ, సుడిదోమలూ వచ్చి పడతాయి. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన కేంద్రం లాంటి చోట్ల ఈ దీపపు ఎరల్లో పడిన పురుగుల లెక్కను బట్టే చీడ ఎప్పుడు పెరుగుతుందో అంచనా కడతారు. చేను అంచున మూత లేని తెల్లటి దీపాలను వరుసగా నిలబెట్టడమంటే, తొట్టి లేకుండా ఎర పెట్టడం అన్నమాట. నీలం పాలు తక్కువైన వెచ్చని వెలుగుకు పురుగు తక్కువగా వస్తుంది, కిందికి మాత్రమే పడే వెలుగు దూరం నుంచి పురుగుకు అంతగా కనిపించదు. దుకాణం ముందు కూర్చున్నవాడికీ, వెనక చేలో రైతుకూ లాభం ఒకటే.

వరి విషయంలో మాత్రం రంగు మార్చి ఊరుకుంటే చాలదు. సార్వా పంటలో పొద్దు తగ్గడాన్ని పసిగట్టి ఈనే రకాలకు రాత్రంతా పక్కన దీపం వెలుగుతుంటే రాత్రి పొడుగైన సంగతే తెలియదు. చేనంతా ఈని పండుబారుతుంటే దీపం దగ్గర మడి మాత్రం పచ్చగా నిలిచిపోతుంది. మొక్కను ఇలా మోసగించేది ముఖ్యంగా ఎరుపు కాంతి, అది వెచ్చని దీపంలోనూ ఉంటుంది. జపాన్‌లో ఈ ఇబ్బందిని తగ్గించడానికి యామగుచి విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రత్యేకమైన ఎల్‌ఈడీ దీపాన్నే రూపొందించారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. శివారు రోడ్డు పక్క చేలు ఉన్నంత మేరా, దీపం వెనక వైపు వెలుగు పోకుండా ఒక రేకు తెర ఉండాలని టెండరులో రాస్తే చాలు. ఆ రేకు ఖర్చు స్తంభం మీద ఒక నగిషీ ఖర్చు కంటే తక్కువే.

పక్షుల సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక గూడబాతులకు పేరుపడ్డ ఆటపాక, కైకలూరుతో సహా ఏలూరు జిల్లాలోకి వచ్చింది. చలికాలపు వలస పక్షుల్లో చాలా జాతులు రాత్రిళ్ళే ప్రయాణం చేస్తాయి. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 స్మారకంగా ఏటా వెలిగించే కాంతి స్తంభాలను పరిశీలించి, ఏడేళ్ళలో ఏడు రాత్రుల్లో దాదాపు 11 లక్షల పక్షులు దారి చెదిరాయని 2017లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. దీపాలు ఆర్పిన కొద్ది నిమిషాల్లో పక్షులు మామూలు దారికి మళ్ళాయి. ఆ స్తంభాలు సెర్చ్‌లైట్లు, మన వీధి దీపాలు వాటికి సాటిరావు. కాబట్టి ఏలూరు బజారులో దీపం వల్ల కొల్లేటి పక్షి నేరుగా దెబ్బతింటుందని నేను వాదించడం లేదు. సరస్సు మీదుగా కైకలూరు పోయే రోడ్డులో మాత్రం, పైకి వెలుగు చిమ్మే ఒక్క దీపం కూడా పెట్టకూడదు. చేపల చెరువుల గట్ల మీద అంత వెలుగుంటే మునిసిపాలిటీ దీపాన్ని ఆడిపోసుకోవడం దేనికని అడగవచ్చు. ప్రజల సొమ్ముతో పెట్టే దీపాన్ని సరిగా పెట్టని ఊరు చెరువుల రైతుకు ఏ ముఖంతో చెబుతుంది? స్తంభం మీద గూడబాతు బొమ్మ పోత పోయించడానికి డబ్బు ఉన్న చోట ఆ పక్షికి చీకటి మిగిల్చే మూతకు కూడా డబ్బు ఉండాలి.

మన్నిక గురించి అడిగేవాళ్ళు తక్కువ, అసలు ఖర్చంతా అక్కడే ఉన్నా. ఎల్‌ఈడీ దీపం చచ్చిపోతే ముందు చూడాల్సింది లోపల కరెంటును సర్దే డ్రైవర్‌ని. అందులోని కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగిన ప్రతిసారీ సుమారు సగానికి పడిపోతుంది. లాంతరు ఆకారంలో నాలుగు వైపులా మూసి, వేడి బయటికి పోయే రెక్కలు లేని దీపం మన మే నెలలో ఎన్నాళ్ళు ఉంటుందో ఊహించడం కష్టం కాదు. నల్లరేగడి నేల, పైపైనే ఊట, ఏలూరులో తమ్మిలేరు వాగు పొంగితే రోడ్డు మీదికి నీళ్ళు. ఇలాంటి చోట స్తంభం అడుగున అందమైన తలుపు వెనక వైర్ల జంక్షన్ పెట్టడం ప్రాణాంతకం. నీటి మట్టానికి పైన, మనిషి నడుము ఎత్తుకు మించి అది ఉండాలి. ఇనుముకు వేడి జింకు పూత ఉండాలి, రంగు ఒక్కటే ఈ తేమను ఆపదు. అన్నిటికంటే ముఖ్యం, విడిభాగం. ఒక్క కంపెనీ అచ్చులో మాత్రమే పోసే సీతాకోక రెక్క విరిగితే, ఆ అచ్చు ఆగిపోయిన రోజు నుంచి ఆ స్తంభం ఒంటి రెక్కతో నిలబడాల్సిందే. ఈఈఎస్‌ఎల్ తరహా ఒప్పందంలో ఏడేళ్ళ నిర్వహణ బాధ్యత ఉంటుంది. అలంకార దీపాలను వేరే పద్దు కింద విడిగా కొన్నప్పుడు ఆ బాధ్యత ఎవరిదో టెండరులోనే రాసుకోవాలి.

అయితే అలంకారమే వద్దా? వద్దనడం లేదు. పన్ను కట్టేవాళ్ళకు తమ ఊరి రోడ్డు చూడముచ్చటగా ఉండాలనుకునే హక్కు ఉంది. దాన్ని ఎక్కడ, ఏ రూపంలో తీర్చాలన్నదే ప్రశ్న. నాలుగు మీటర్ల అలంకార స్తంభాలు ఒక్కటే పెడితే వెలుగు సమంగా పడడానికి ప్రతి 12, 15 మీటర్లకు ఒకటి కావాలి. అంటే కిలోమీటరుకు రెండు వైపులా కలిపి నూట ముప్పైకి పైనే. పేవ్‌మెంటు మీద నడకకు కనీసం 1.8 మీటర్లు వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతున్న చోట, ఈ స్తంభాల అడవి నడిచేవాళ్ళ చోటునే తినేస్తుంది. రోడ్డు పక్కన ఇప్పటికే ఉన్న తొమ్మిది మీటర్ల స్తంభాలకే పేవ్‌మెంటు వైపు, నాలుగు మీటర్ల ఎత్తున, ఒక చిన్న చేయి వేసి వెచ్చని దీపం పెడితే కొత్త గుంత తవ్వే పని చాలావరకు తప్పుతుంది. స్తంభాల నడుమ చీకటి మిగిలిన చోట మాత్రమే చిన్న స్తంభం వేసుకోవచ్చు. చెట్ల కొమ్మలు పై దీపాన్ని కప్పేసినా కింది దీపం ఆకుల కిందే ఉంటుంది. ఆ చేయి వంపులో, స్తంభం రంగులో స్థానిక శిల్పి చేతికి ఎంత పనైనా ఇవ్వవచ్చు. ఏలూరులో కాలువ వంతెనల దగ్గర రెయిలింగు లోపల దాచిన దీపం నీళ్ళ మీద పడే తీరుకు ఏ కేటలాగు సీతాకోకా సాటిరాదు.

టెండరు పిలిచే ముందు చేయదగిన పని ఒకటుంది. ఎంచుకున్న రోడ్డులో రెండు వందల మీటర్ల మేర మూడు రకాల దీపాలను తలా నాలుగు చొప్పున జూన్ మొదట్లో పెట్టి అక్టోబరు దాకా ఉంచాలి. ఈసుళ్ళు, వాన, కరెంటు ఒడిదుడుకులు, చేను ఈనే వేళ అన్నీ ఆ అయిదు నెలల్లోనే వస్తాయి. లక్స్ మీటరుతో నెలకోసారి కొలిచి ఆ లెక్క వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. దుకాణదారులనూ, వెనక చేల రైతులనూ, రాత్రి షిఫ్టు దిగి నడిచి వెళ్ళే నర్సులనూ అక్కడికే పిలిచి, చీకటి పడ్డాక, మూడింటి కిందా నిలబెట్టి అడగాలి.