పొగ వెనుక మనుషులు: హిజాజ్ రైలు స్మృతిపై ఒక విమర్శ

పండితులు ధూమశకటమన్నారు, పల్లెజనులు పొగబండి అన్నారు. పేరు పెట్టిన తీరు వేరైనా ఇద్దరి కళ్ళూ నిలిచింది పొగ మీదనే. ఆ పొగ పుట్టడానికి కావలసిన నీరు, బొగ్గు, వాటిని మోసిన చేతులు పేరులోకి రాలేదు. ఆవిరిబండ్ల కాలాన్ని తలచుకొంటూ నేడు వెలువడుతున్న రచనలు, చలనచిత్రాలు, ప్రదర్శనశాలలు కూడా చాలావరకు ఆ పొగ దగ్గరే ఆగిపోతున్నాయి. కూత, నల్లని ఇంజను, ఎర్రరాతి స్టేషను, చేతిలో పచ్చజెండా పట్టుకొన్న గార్డు: ఈ నాలుగు బొమ్మలతో జ్ఞాపకం నిండిపోతున్నది. ఈ స్మృతిలో ఏది నిలుస్తున్నది, ఏది జారిపోతున్నది అని విచారించడానికి సౌదీ అరేబియాలోని హిజాజ్ రైలుమార్గం చక్కని ఆధారం. ఆ ఎడారి దారిని చూసిన కళ్ళతో మన రైల్వే ఊళ్ళను మరలా చూడడం ఈ వ్యాసోద్దేశం.

చందాలతో వేసిన దారి

ఉస్మానియా సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ 1900లో ఈ మార్గనిర్మాణానికి పూనుకొన్నాడు. డమాస్కస్ నుండి మదీనా వరకు సుమారు 1,300 కిలోమీటర్ల దూరం. పట్టాల నడుమ వెడల్పు 1,050 మిల్లీమీటర్లు, అంటే మన మీటర్‌గేజి కన్నా 50 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ. జర్మన్ ఇంజనీరు మైస్నర్ పర్యవేక్షణలో పని సాగింది. మదీనాకు చేరువైన చివరి భాగాన్ని ముస్లిం ఇంజనీర్లే నిర్మించారు. 1908లో బండి మదీనా చేరింది. ఒంటెల బిడారుతో నలభై రోజులు పట్టే యాత్ర మూడు నాలుగు రోజులకు తగ్గిపోయింది.

ఈ మార్గానికి తెలుగునేలతో ఒక సంబంధమున్నది. నిర్మాణవ్యయంలో కొంత భాగం ప్రపంచమంతటి ముస్లింల విరాళాల నుండి వచ్చింది. భారతదేశం నుండి కూడా చందాలు వెళ్ళాయి. హైదరాబాదు సంస్థానంలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి ప్రముఖులు ఆ సేకరణకు పాటుపడ్డారు. అయితే మన దేశపు యాత్రికులలో అత్యధికులు బొంబాయి వంటి రేవులలో ఓడ ఎక్కి జిద్దాలో దిగేవారు. డమాస్కస్ బండితో వారికి పని పడేది తక్కువ. తాము ఎక్కబోని బండికి డబ్బిచ్చిన ఆ దాతలను, ఎవరో రాబోయే బాటసారుల కోసం సత్రం కట్టించి, చెరువు తవ్వించిన మన పూర్వికుల పక్కన నిలబెట్టి చూస్తే ఆ దానం స్వభావం మనకు సులువుగా బోధపడుతుంది.

విరాళమిచ్చినవారికి పతకాలు దక్కాయి. పట్టాలు పరచినవారిలో అత్యధికులు ఉస్మానియా సైనికులు. ఎండ, దాహం, అంటువ్యాధుల మధ్య రాళ్ళు మోసిన ఆ సిపాయిల పేర్లు స్మృతిలో లేవు. బిడార్లకు ఒంటెలను కిరాయికిచ్చి, దారికి రక్షణనిచ్చి బతికే బెదూయిన్ తెగలకు రైలు రావడంతో జీవనాధారం దెబ్బతిన్నది. వారు పట్టాలు పెరికినప్పుడు చరిత్ర వారిని దోపిడిగాండ్రని రాసింది. కూడు పోయినవారి కోపమని రాసినవారు తక్కువ.

చలనచిత్రం చూసిన రైలు

ప్రపంచానికి హిజాజ్ రైలు ఎక్కువగా తెలిసింది దాని నిర్మాణం వల్ల గాక దాని విధ్వంసం వల్ల. మొదటి ప్రపంచయుద్ధంలో అరబ్బుల తిరుగుబాటుకు తోడుగా నిలిచిన బ్రిటిష్ అధికారి టి. ఇ. లారెన్స్, తన అనుచరులతో ఈ మార్గంపై పలుమార్లు మందుపాతరలు పెట్టించాడు. ఆ కథ ఆధారంగా డేవిడ్ లీన్ 1962లో తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చిత్రంలో రైలును పేల్చే ఘట్టం జగత్ప్రసిద్ధం. కూలిన బండి పైకప్పుపై తెల్లని దుస్తులలో నాయకుడు నడుస్తుంటే, ఇసుక మీద అతని నీడ సాగుతుంది. చిత్రకళగా అది గొప్ప దృశ్యమే. ఆ రైలు ఘట్టాన్ని చిత్రీకరించింది అరేబియాలో కాదు, స్పెయిన్ దేశపు అల్మేరియా ఇసుకతిన్నెలలో.

చిత్రీకరణస్థలం వేరైనందుకు ఆ చిత్రాన్ని తప్పుపట్టనక్కరలేదు. విమర్శించదగినది దాని దృష్టి. ఆ ఇంజనును నడిపినవాడెవడు? బొగ్గు వేసినవాడెవడు? పెట్టెలలో ఉన్నవారెవరు? ఈ ప్రశ్నలు ఆ దృశ్యంలో పుట్టవు. లారెన్స్ తన గ్రంథంలో 1917నాటి ఒక దాడిని వర్ణిస్తూ, కూలిన బండిలో రోగులు, స్త్రీలు ఉన్న సంగతిని దాచకుండా రాశాడు. పుస్తకం దాచని నిజాన్ని తెర విడిచిపెట్టింది. ఇంజను పేలుతుంటే చూడముచ్చటగా ఉన్నదని ప్రేక్షకునికి అనిపించిందంటే, ఆ ఇంజనులో మనుషులు లేరని అతనిచేత నమ్మించినట్లే.

ప్రదర్శనశాల చూసిన రైలు

యుద్ధానంతరం దక్షిణభాగంలో రాకపోకలు అరకొరగా సాగి, 1920ల తరువాత నిలిచిపోయాయి. 1960లలో పునరుద్ధరణకు జరిగిన ప్రయత్నం 1967 యుద్ధంతో ఆగిపోయింది. 1951లో దమ్మాం–రియాద్ మార్గం ప్రారంభమయ్యేనాటికి డీజిలు ఇంజన్ల కాలం వచ్చింది. అందుచేత సౌదీ నేలపై ఆవిరిబండి కథ ప్రధానంగా ఈ హిజాజ్ దారి కథయే. 1932లో ఏర్పడిన సౌదీ రాజ్యానికి అది తనకు పూర్వపు ప్రభుత్వం విడిచిపోయిన వస్తువు. ఎన్నో ఏళ్ళు అది ఎవరికీ అక్కరలేనిదిగా ఎడారిలో పడి ఉండడానికి ఈ కారణం కూడా కొంత ఉండవచ్చు.

ఇటీవలి దశాబ్దాలలో ఆ ఉపేక్ష పోయింది. మదీనాలోని అంబరియా స్టేషను ప్రదర్శనశాల అయింది. తబూక్ స్టేషనును బాగుచేశారు. 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన అల్‌హిజ్ర్ క్షేత్రంలో, నబతీయుల శిలాసమాధుల సమీపాననే మదాయిన్ సాలిహ్ రైలు స్టేషను ఉన్నది. ఇంజన్ల మరమ్మతుశాలతో కూడిన పెద్ద మజిలీ అది. అక్కడి కట్టడాలను బాగుచేసి, పాత ఇంజనొకదానిని నిలిపి ఉంచారు. ఇటీవల ఆ స్టేషను కట్టడాలను కలుపుకొని ఒక విలాసవంతమైన విడిది కూడా వెలసింది.

ఈ కృషిని మెచ్చుకోవాలి. కూలిపోవలసిన గోడ నిలబడింది. చూడాలన్నవారికి చూపడానికి ఒక వస్తువు మిగిలింది. కాని రంగు వేసి నిలిపిన ఇంజను సగం నిజమే చెప్పగలదు. దానికి వేడి లేదు, మసి లేదు, బూడిద లేదు. ఒకప్పుడు ఇంజను పొట్ట విప్పి, చేతులు కాల్చుకొంటూ గొట్టాలు బిగించిన చోట నేడు అతిథి సేదదీరుతున్నాడు. ఆ స్థలం ఏమిటో అతనికి ఒక ఫలకం చెప్పవచ్చు. అక్కడ పని ఎలా ఉండేదో చెప్పడానికి ఫలకం చాలదు.

బాగుచేయని చోట్లలో మాత్రం మరొక రకం సాక్ష్యం దొరుకుతుంది. మదీనాకు ఉత్తరాన దారి పొడవునా ఒంటరి స్టేషన్లు, కోటల వంటి రాతిగదులు, తుపాకి గురి పెట్టడానికి గోడలలో విడిచిన కంతలు, ఇసుకలో కూరుకొన్న పెట్టెల చట్రాలు కనిపిస్తాయి. పట్టాలు చాలాచోట్ల లేవు. వాటిని, వాటి కింది ఉక్కు స్లీపర్లను స్థానికులు ఇళ్ళకప్పులకు దూలాలుగా, దొడ్లకు కంచెలుగా వాడుకొన్నారు. వారసత్వ సంరక్షకులకు ఇది నష్టం. నా దృష్టికి మాత్రం రైలు వల్ల కిరాయి పోగొట్టుకొన్న ప్రాంతం తిరిగి ఆ రైలునే ఇంటి కప్పుగా వేసుకొన్న ఈ దృశ్యం, ఏ ప్రదర్శనశాలా చెప్పనంత చరిత్ర చెబుతున్నది.

నీటి లెక్క

ఆ స్టేషన్లు దాదాపు 20 కిలోమీటర్లకొకటిగా ఎందుకున్నాయి? కొన్ని కాపలాకు, కొన్ని నీటికి. ఆవిరి ఇంజను తినేది బొగ్గయినా, అంతకు మించి తాగేది నీరు. హిజాజ్‌లో బావులు అరుదు, ఉన్నచోట ఉప్పదనం. ట్యాంకు పెట్టెలలో నీటిని మోసుకొనిపోవలసి వచ్చేది. బొగ్గు విదేశాల నుండి రావాలి. యుద్ధకాలంలో అది ఆగిపోగా ఉత్తరాన చెట్లు నరికి కట్టెలతో బండ్లు నడిపారు. ఎడారిలో ఆ రైలు ప్రతిదినమూ నీటితో, ఇంధనంతో యుద్ధం చేసింది. లారెన్స్ యుద్ధం ఆ తరువాతది.

ఈ నీటి లెక్క మనకు కొత్తది కాదు. నిజాం రైల్వేకు ఇల్లందు బొగ్గు దొరికింది గనుక ఇంధనం కొరత తీరింది. మద్రాసు–బెజవాడ మార్గంలో దాదాపు సరిగ్గా సగం దారిలో, నెల్లూరుకు ఉత్తరాన బిట్రగుంట ఉన్నది. అటు మద్రాసుకు, ఇటు విజయవాడకు సుమారు 200 పైచిలుకు కిలోమీటర్లు. ఆవిరి ఇంజను ఒక దమ్ములో పోగలిగిన దూరం సుమారు అంతే. అక్కడ ఇంజను మారాలి, సిబ్బంది మారాలి, బూడిద దులపాలి, నీళ్ళు పట్టాలి. అందుకే అక్కడ లోకోషెడ్డు, దానికి టర్న్‌టేబుల్, వందలాది క్వార్టర్లతో ఒక రైల్వే కాలనీ పుట్టాయి. అర్ధరాత్రి డ్యూటీకి డ్రైవర్లను తట్టిలేపే కాల్‌బాయ్‌లు, ఇంజను అడుగుకు దూరి బూడిద తీసే కూలీలు, బొగ్గు పారతో వేసివేసి భుజాలు కాయలు కాచిన ఫైర్‌మన్లు ఆ ఊరి ప్రజలు. డీజిలు వచ్చింది, కరెంటు తీగ వచ్చింది. మధ్యలో ఆగవలసిన అవసరం పోయింది. షెడ్డు మూతపడింది. క్వార్టర్లలో అనేకం పాడుబడ్డాయి. మదాయిన్ సాలిహ్‌ను ఎడారి చేసింది యుద్ధమైతే, బిట్రగుంటను వెలితి చేసింది ఒక లెక్క మారడం.

మన జ్ఞాపకాల రచనలలో బిట్రగుంట వంటి ఊరు వచ్చినప్పుడు ఎక్కువగా వినిపించేది కూత, కనిపించేది పొగ. ఆ రచనలు రాసినవారిలో చాలామంది బండిలో కిటికీ పక్కన కూర్చొన్నవారు. కిటికీలో నుండి కంట్లో నలుసు పడడం వారికి తీపి జ్ఞాపకం. ఎనిమిది గంటలు నిప్పుగూడు ముందు నిలబడినవానికి కంటి నలుసు ఒక ముచ్చట కాదు, వృత్తి. ప్రయాణికుని స్మృతి అబద్ధమని నేను అనను. అది ఒక్కటే స్మృతిగా చెలామణి కావడం అన్యాయమంటాను.

కట్టడాల విషయంలోనూ మన తీరు నిలకడగా లేదు. 1900లో తెరిచిన రాజమహేంద్రవరపు హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రమించి, నేటికీ గోదావరిపై నిలిచి ఉన్నది. 1916నాటి కాచిగూడ స్టేషను భవనం చెక్కుచెదరక వాడుకలో ఉన్నది. 1874లో వాడి నుండి తొలి బండి వచ్చిన సికింద్రాబాదులో మాత్రం, తరాల వారికి గుర్తయిన పాత స్టేషను ముఖభాగాన్ని 2025లో పునర్నిర్మాణం కోసం పడగొట్టారు. పెరిగిన జనానికి పెద్ద స్టేషను అవసరమే. పడగొట్టేముందు అక్కడ పనిచేసి రిటైరయిన పోర్టర్లను, పాయింట్స్‌మన్లను కూర్చోబెట్టి వారి మాట భద్రపరచి ఉంటే, గోడ పోయినా చరిత్ర పోయేది కాదు.

ఏది దాచుకోవాలి

2018లో ప్రారంభమైన హరమైన్ బండి నేడు మక్కా, జిద్దా, మదీనా నగరాలను కలుపుతూ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. 2024 చివరన రియాద్‌లో మెట్రో మొదలైంది. దాని నిర్మాణంలో మన దేశపు లార్సెన్ అండ్ టూబ్రో కూడా భాగస్వామి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫుకు వెళ్ళిన మనవారు ఆ దేశపు రోడ్లలో, భవనాలలో, ఇటువంటి నిర్మాణాలలో చెమట ధారపోశారు. నూరేళ్ళ తరువాత ఆ మెట్రోబండి కూడా ఏదో ప్రదర్శనశాలలో మెరుస్తూ నిలబడుతుంది. దాని పక్కన ఆ కార్మికుల పేర్లుంటాయా? హిజాజ్ మార్గపు సిపాయిల పేర్లు లేనట్లే వీరివీ లేకుండా పోతాయా? నిర్ణయం వారిది కాదు, జ్ఞాపకాన్ని రాసేవారిది.

భారతదేశంలో బ్రాడ్‌గేజిపై ఆవిరిబండ్ల శకం 1995తో దాదాపు ముగిసింది. ఆనాడు పార పట్టిన యువ ఫైర్‌మన్లకు నేడు అరవై, డెబ్బై ఏళ్ళు దాటాయి. బిట్రగుంట, కాజీపేట, డోర్నకల్, గుంతకల్లు, లాలాగూడ, గుంటూరు రైలుపేటలలో వారు ఇంకా ఉన్నారు. ఇంజను ఎక్కడికీ పోదు, ఇనుము నూరేళ్ళుంటుంది. ఈ మనుషులు మాత్రం ఉండరు. మన సంఘాలలో, మన ఇళ్ళలో అటువంటి పెద్దలున్నారు. ‘మీ కాలంలో రైలు ఎంత బాగుండేదో’ అని వారితో అనడం మాని, ‘ఒక ట్రిప్పుకు ఎంత బొగ్గు వేసేవారు, నీళ్ళు ఎక్కడ పట్టేవారు, డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఎన్ని గంటలయ్యేది’ అని అడగాలి. వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాండలికంలోనే రాసుకోవాలి. పిల్లలలో ఒకరు ఫోనులో ఆ గొంతును పట్టి ఉంచినా చాలు.