వెంట్రుకంత దారం, అందులో పనితనం

గాలం దారాల్లో నా మొదటి దండం మామూలు నైలాన్ దారానికే. నైలాన్‌ను అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1938లో లోకానికి ప్రకటించింది. కరిగించిన ముద్దను సన్నటి రంధ్రంలోంచి పోగుగా తీసి, చల్లార్చి, మళ్లీ వేడి మీద ఎన్నో రెట్లు సాగదీస్తారు. చిక్కుపడి ఉన్న అణువుల గొలుసులు ఆ లాగుడుకు ఒకే దిక్కుకు తిరుగుతాయి. బలం అక్కడ పుడుతుంది. అయినా కొంత సాగే గుణం మిగులుతుంది. చెరువుగట్టున బెండు కట్టి బొచ్చెకో శీలావతికో కాచుకున్నప్పుడు చేప ఒక్కసారిగా గుంజితే, ఆ కుదుపును దారమే మింగేస్తుంది. గాలం మూతి చీల్చుకుని ఊడిపోదు. ఎండకూ వాడకానికీ మాత్రం ఈ దారం బలం తగ్గుతుంది, అందుకే పాతబడ్డదాన్ని నమ్మకూడదు.

గుర్రపుడెక్క కమ్మిన కుంటలో కొరమీను కోసం వెళ్తే ఆ సాగుడే కొంప ముంచుతుంది. గాలం పడగానే అది కలుపులోకి దూరుతుంది. అక్కడ సాగని దారం కావాలి, అంటే అల్లిక దారం. దాని పుట్టుక తలచుకుంటే అబ్బురం. సంచులు చేసే పాలిథిన్ జాతి పదార్థమే, కానీ అణువు గొలుసులు మరీ పొడవు. కరిగించినా పోగుగా జారవు. నెదర్లాండ్స్‌లో డీఎస్ఎం కంపెనీ శాస్త్రజ్ఞులు పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా 1970ల చివర్లో దాన్ని ద్రావకంలో కలిపి, జిగురు పోగుగా తీసి సాగదీసే దారి కనిపెట్టారు. ఇలాంటి పోగులను నాలుగో ఎనిమిదో పేటలుగా అల్లుతారు. ఎనిమిది పేటలది నునుపు, గాలం కర్ర రింగుల్లోంచి చప్పుడు లేకుండా జారుతుంది. నాలుగు పేటలది గరుకు, కానీ ఒక్కో పేట లావు కనుక రాపిడికి ఓర్చుకుంటుంది. కలుపులోకైతే నా ఓటు దానికే.

తేట నీళ్లలో ఎరకు దగ్గరగా ఫ్లోరోకార్బన్ ముక్క కట్టాలి. జపాన్‌లోని కురేహా కంపెనీ 1971లో సీగార్ పేరుతో తెచ్చిన దారమిది. నీటి వక్రీభవన గుణకం 1.33, నైలాన్‌ది దాదాపు 1.53, దీనిది 1.42. నీటికి అంత దగ్గర కాబట్టి చేప కంటికి తక్కువగా ఆనుతుంది. పూర్తిగా మాయమవుతుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మనక్కర్లేదు. నీటికన్నా బరువైనది, మునుగుతుంది. పైన తేలే ఎరకు పనికిరాదు. వంజరం పళ్లకు ఇవేవీ ఆగవు, అక్కడ ఉక్కు తీగే.

ఉప్పుటేరులో పండుగప్ప అన్నిటికన్నా కఠిన పరీక్ష. దాని మొప్పల రెప్పలు కత్తుల్లా ఉంటాయి, చుట్టూ ఆలిచిప్పలు అంటిన రాళ్లు, మడ వేళ్లు. అల్లిక దారం ఒరుసుకుంటే తెగుతుంది. అందుకని చివర లావుపాటి నైలానో ఫ్లోరోకార్బనో జోడిస్తారు. ఆ జోడింపులో ఎఫ్‌జీ ముడి చూడాలి. లావు దారాన్ని ముడి వేయరు, బిర్రుగా పట్టుకుని అల్లిక దారాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు, 20 దాకా చుట్లు చుడతారు. లాగేకొద్దీ చుట్లు పట్టు బిగిస్తాయి. ముడి ఉబ్బెత్తుగా ఉండదు కనుక రింగుల్లో తట్టుకోదు. బిగించేముందు తడపడం మరవకూడదు, పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే చచ్చుబడుతుంది.