శోకంలో చెప్పే బతుకు కథలు

సత్యవేడు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా పోతే, ఆ మనిషి బతుకు కథ మొదట వినిపించేది ఆడవాళ్ల నోటే. వాకిట్లో షామియానా లేవకముందే, పలకలోళ్లకు కబురు అందకముందే, పక్కింటామె గడప దాటి లోపలికొచ్చి శోకం ఎత్తుకుంటుంది. పోయినామె ఏ ఊరి ఆడబిడ్డో, ఎంత చిన్నప్పుడు కాపరానికొచ్చిందో, ఎన్ని కాన్పులు నిలిచాయో, ఎవరి కయ్యలో నడుం వంచిందో అన్నీ ఆ ఏడుపులోనే బయటికొస్తాయి. వీధిలో పోయేవాళ్లకు అది గుండెలు బాదుకుని ఏడ్చినట్టే వినిపిస్తుంది. దగ్గర కూర్చుని వింటే అందులో ఒక వరస, ఒక కట్టుబాటు, ఏళ్లు పడితే తప్ప పట్టుబడని పనితనం తెలుస్తాయి. నా మటుకు అది సాహిత్యమే. పేరుప్రతిష్ఠలు లేని మనుషుల జీవిత చరిత్రను మన పల్లెలు ఏదో ఒక రూపంలో చెప్పుకున్నాయంటే, అది ముఖ్యంగా ఈ శోకాల్లోనే.

సత్యవేడు సరిహద్దు ఊరు. 1960 ఏప్రిల్ 1 దాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. రెండు రాష్ట్రాల సరిహద్దు తేల్చిన పటాస్కర్ తీర్పుతో తిరుత్తణి మద్రాసు వైపు పోయింది, సత్యవేడు ఆంధ్ర వైపు వచ్చింది. చిత్తూరు జిల్లాలో అరవై రెండేళ్లు ఉండి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసింది. మ్యాపులో గీతలు ఎన్నిసార్లు జరిగినా పెళ్లి సంబంధాలు మాత్రం పాత దారినే నడిచాయి. ఊత్తుకోట వైపు పిల్లనిస్తారు, అక్కడి నుంచి పిల్లను తెచ్చుకుంటారు. అందుకే ఇక్కడి చావింట్లో రెండు భాషలు వినిపిస్తాయి. ఇంటి కోడలు తెలుగులో శోకం తీస్తుంటే, అవతలి గట్టున కాపరముంటున్న కూతురు తమిళంలో ఒప్పారి అందుకుంటుంది. ఎవరికీ అది వింతగా తోచదు. రాగం ఇంచుమించు ఒకటే, మాటకు మాట అతుక్కుంటూనే ఉంటుంది.

చావు కబురు విని బస్సు దిగిన ఆడమనిషి వీధి మలుపు దాకా మామూలుగానే నడిచొస్తుంది. ఇల్లు కంటబడగానే కొప్పు వదిలి గొంతెత్తుతుంది. మొదటి మాట ఎప్పుడూ వరసే: “అత్తా”, “వదినా”, “మాయమ్మా”, “నాయనా”. ఆ ఒక్క పిలుపుతో లోపలున్నవాళ్లకు వచ్చిందెవరో, పోయిన మనిషికి ఏమవుతుందో తెలిసిపోతుంది. ఇద్దరు ముగ్గురు లేచి ఎదురొస్తారు. ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని, తలలు ఆనించుకుని గుండ్రంగా కూర్చుంటారు. ఒకామె చరణం ముగించి వెక్కుతుంటే పక్కనామె అందుకుంటుంది. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అయితే వచ్చినామె వరసను బట్టి ఆ కథ మారిపోతుంది. చెల్లెలు వస్తే పుట్టింటి చింతచెట్టు కింది ఆటలు కథలోకొస్తాయి. తోటికోడలు వస్తే పొత్తు కాపరం, ఒకే పొయ్యి దగ్గర పడిన పాట్లు వస్తాయి. కలిసి నాట్లకు పోయిన కూలీ స్నేహితురాలు వస్తే, ఆ ఇంటివాళ్లే ఎరగని సంగతులు బయటపడతాయి. సాయంత్రం పాడె లేచేసరికి ఒక మనిషి బతుకును పది దిక్కుల నుంచి చూసినవాళ్ల సాక్ష్యం పూర్తవుతుంది. జీవిత చరిత్ర రాసేవాడు ఏళ్ల తరబడి తిరిగి పోగు చేసుకునే సరుకు ఇక్కడ ఒక పగటిపూటలో పోగవుతుంది.

గొంతు పని సంగతి చెప్పాలి. చరణం పై స్థాయిలో మొదలవుతుంది. మాటలు గబగబా ఒకదాని వెంట ఒకటి దొర్లుతూ మెట్టు మెట్టుగా కిందికి దిగుతాయి. చివర మళ్లీ వరస పిలుపు మీద దీర్ఘం తీసి, వెక్కుతో ఆగుతుంది. ఊపిరి తీసుకునే చోటు ఆ వెక్కే. తర్వాతి చరణం మనసులో కట్టుకునే వ్యవధి కూడా అదే. తాళం ఉండదు, లెక్క మాత్రం ఉంటుంది. మధ్యమధ్య అందరికీ తెలిసిన పాత మాటలు వస్తాయి. నా బంగారు తల్లీ అనో, ఇంటి దీపమా అనో, ఒంటిదాన్ని చేసి పోతివా అనో. వాటిని విని ఈ ఏడుపులన్నీ ఒకటే అని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ పాత మాటలు నోటికి వాటంతటవే వస్తాయి గనకే, అవి నడుస్తుండగా ఆమె ఈ మనిషికి మాత్రమే చెందిన కొత్త మాటను వెతుక్కోగలుగుతుంది.

ఆ కొత్త మాట దగ్గరే చేయి తిరిగినామె ఎవరో తేలిపోతుంది. అత్త మంచిదని ఎవరైనా ఏడుస్తారు. తెలిసినామె అలా అనదు. తొలికోడి కూయకముందే లేచి పాలు పిండి, చెంబెడు పాలు కేంద్రానికి పోసొచ్చి, ఆ చీరకొంగుతోనే చెమట తుడుచుకుని చెనిక్కాయల కల్లానికి పోతివే అత్తా అంటుంది. పిల్లోళ్లందరూ తిన్నాక అడుగంటిన సంగటి గీకి నీళ్లు పోసుకుని తాగితివే అంటుంది. ఆ సంగటి కుండ మాట పడగానే అప్పటిదాకా గోడకానుకుని బీడీ కాలుస్తున్న మగవాళ్లు కూడా తల దించుకుంటారు. తర్వాత ఇంటికి పోతూ ముసలమ్మలు తీర్పు చెప్పుకుంటారు: “ఆయమ్మ చెప్పి ఏడ్చింది” అని ఒకరి గురించి, “ఊరికే అరిచింది” అని ఇంకొకరి గురించి. ఎవరి గొంతు బాగుందన్న మాట అందులో ఉండదు. ఎవరు ఎంత చూసి, ఎంత గుర్తుపెట్టుకుని, దాన్ని ఎంత సూటిగా చెప్పారన్నదే వాళ్ల కొలత. నిండు వయసులో పోయినవాళ్లకు ఈ పనితనం బాగా సాగుతుంది. పడుచు ప్రాణం పోయిన ఇంట్లో అది పనికిరాదు. కన్నతల్లికి వరసలూ చరణాలూ నిలవవు, పేరొక్కటే పదే పదే పిలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె బదులు కథ ఎత్తుకుంటారు.

శోకంలో పొగడ్తలే ఉంటాయనుకుంటే పొరపాటు. బతికున్నవాళ్ల లెక్కలూ అక్కడే తేలతాయి. జబ్బుతో మంచాన పడి ఉంటే చూడను రాని కొడుకు, పసుపుకుంకుమ కింద ఇస్తానన్న కయ్యను ఇవ్వని అన్న, ఆస్పత్రి ఖర్చు దగ్గర చేయి ముడుచుకున్న దాయాదులు, వీళ్లంతా అక్కడే నిలబడి వింటుంటారు. ఆమె ఎవరినీ వేలెత్తి చూపదు. పోయిన మనిషినే అడుగుతుంది: “నీకు ఇంత కొడుకుండీ గుక్కెడు నీళ్లకు ఎదురు చూస్తివా నాయనా?” మిగతా రోజుల్లో ఆ మాటంటే పంచాయితీ అవుతుంది. చావింట్లో, శోకంలో అంటే ఎదురు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆస్తిలో వాటా అడగలేని, రచ్చబండ ఎక్కలేని ఆడదానికి ఊరంతా విని తీరాల్సిన వేదిక ఇదొక్కటే దొరికింది. దాన్ని ఆమె ఎంత జాగ్రత్తగా, ఎంత తెలివిగా వాడుకుందో గమనించినప్పుడల్లా నాకు ఆమె మీద గౌరవం పెరుగుతుంది.

ఇది మన ఒక్క ప్రాంతం సంగతి కాదు. 1773లో ఐర్లండులో ఆర్ట్ ఓలియరీ అనే యువకుణ్ణి కాల్చి చంపితే అతని భార్య ఐలీన్ ఎత్తుకున్న శోకం నోటి నుంచి నోటికి బతికి, తర్వాత కాగితానికెక్కింది. ఐరిష్ భాషలో గొప్ప కావ్యాల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. అందులో చచ్చిపోయినవాడి అక్కచెల్లెలు వచ్చి వదినను దెప్పుతుంది, వదిన శోకంలోనే జవాబు చెబుతుంది. మన చావిళ్లు చూసినవాళ్లకు ఆ ఘట్టం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అక్కడి మతపెద్దలు ఇది అనాగరికమని అడ్డుపడుతూ వచ్చారు. ఆ సంప్రదాయం మెల్లగా అడుగంటిపోయింది.

మనకు ఇంకా దగ్గరి పోలిక భారతంలోనే ఉంది. నెల్లూరి తిక్కన తెలుగు చేసిన స్త్రీపర్వంలో గాంధారి యుద్ధభూమిలో ఒక్కొక్క శవం దగ్గరా ఆగి, పేరు పెట్టి, వాడెవడో చెప్పి ఏడుస్తుంది. ఆ తర్వాతే కృష్ణుణ్ణి నిలదీస్తుంది. ముందు బతుకు చెప్పడం, ఆ తర్వాత లెక్క అడగడం. పల్లె శోకం నడిచే దారీ ఇదే. పుత్తూరు మొదలుకుని ఈ తూర్పు మండలాల్లో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ ముందు వధ ఘట్టం ఆడతారు. కౌరవుల తరఫు ఆడవేషం అక్కడ శోకం తీస్తుంటే, చూడొచ్చిన ఆడవాళ్ల కళ్లలోనూ నీళ్లు తిరుగుతాయి. ఆ ఏడుపులో కొంత దుర్యోధనుడిది, చాలా మటుకు ఎవరి ఇంటి మనిషిది వాళ్లది. చావింట్లోనూ అంతే. నీ కొడుకు పోయి ఏళ్లయినా, పక్కింటి కొడుకు శవం ముందు కూర్చుని వాణ్ణి కూడా తలచుకుని ఏడవచ్చు. అడ్డు చెప్పేవాళ్లుండరు. అక్కడ చేరిన ఆడవాళ్లతో పాటు వాళ్ల పాత చావులన్నీ మరోసారి ఊరి నోట్లోకొస్తాయి.

మగవాళ్ల వంతు వేరు. రాత్రి శవజాగరానికి భజన బృందం కూర్చుని తత్వాలు పాడుతుంది. వేమన, వీరబ్రహ్మం, కైవారం నారేయణ తాత మాటలు తెల్లారేదాకా నడుస్తాయి. పాడె లేచాక పలకలు, దారి పొడుగునా బొరుగులు, చిల్లర. నడిదారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలక మోత వెనక ఒక అన్యాయం ఉంది. దళితుల మీద తరతరాలుగా దాన్ని వెట్టిగా రుద్దారు. చావు పలక కొట్టబోమన్న పిల్లలది న్యాయమైన మాట. కొట్టదలచినవాళ్లకు కళాకారుడి మర్యాద, తగిన కూలి ఇవ్వాలి. డప్పు కళాకారులకు రాష్ట్రం పింఛను ఇస్తుండటం ఆ దారిలో ఒక అడుగు. క్రైస్తవుల ఇళ్లలో కీర్తనలు, జ్ఞాపకార్థ కూడిక, ముస్లిముల ఇళ్లలో నలభయ్యో నాటి ఫాతిహా ఉంటాయి. ఏ ఇంట్లో అయినా ఆడవాళ్లు ఒకచోట చేరి, పోయిన మనిషి గురించి చెప్పుకునే గంట ఒకటి ఉండనే ఉంటుంది.

రాయి మీద చెక్కిన జ్ఞాపకాలు కూడా ఈ సీమకు కొత్త కాదు. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో బాణులు, నొళంబులు, వైదుంబుల కాలపు వీరగల్లులు చాలా చోట్ల కనిపిస్తాయి. ఆవుల మందను దొంగల నుంచి కాపాడుతూ పడిపోయినవాడికి ఊరు రాయి నిలబెట్టింది. ఆ ఆవులకు మేతేసి, పేడెత్తి, పాలు పిండినామె గురించి ఏ రాయీ మాట్లాడదు. ఆమెకు దక్కింది శోకమే. అది మరుసటి రోజుకే గాలిలో కలిసిపోయేది కావడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

దాన్ని పట్టి ఉంచడం తేలిక కాదు. మంచి ఇంట్లో శోకం పాడకూడదు, పాడితే అరిష్టమని నమ్మకం. పాటలు సేకరించేవాళ్లు అడిగితే ముసలమ్మలు ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఊరి బయటికి, చేను గట్టుకు రమ్మంటారు. పైగా అక్కడ పాడింది అసలు శోకం కానే కాదు. ఎదురుగా చనిపోయిన మనిషి ఉంటే తప్ప ఆ కొత్త మాట పుట్టదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చింది. అప్పటి నుంచి ఎందరో లాలిపాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు పోగు చేశారు. శోకాల వాటా మాత్రం చాలా తక్కువ. నేర్చుకునే పద్ధతి కూడా ఒక్కటే: అమ్మ పక్కన కూర్చుని వినడం. చిన్నపిల్లలు ముందు వెక్కు నేర్చుకుంటారు, తర్వాత పిలుపు, ఆ తర్వాత పాత మాటలు. సొంత మాట రావడానికి నలభై ఏళ్లు దాటాలి.

పదహారో రోజు కర్మకు శోకం సద్దుమణిగి, జ్ఞాపకం విస్తరిలోకి చేరుతుంది. బతికుండగా తిన్నవన్నీ ఫొటో ముందు పెడతారు. ఊరిబిండి, చేపల పులుసు, గారెలు, వక్కాకు. తాగే అలవాటుంటే సీసా, కాల్చే అలవాటుంటే బీడీకట్ట, అగ్గిపెట్టె. ఎవరూ సిగ్గుపడరు. “కారం తగ్గింది, అవ్వకు సరిపోదు” అని ఒకామె లేచి పులుసులో కారం కలిపి తెచ్చి మళ్లీ వడ్డిస్తుంది. మనిషిని మంచివాడిగా దిద్దకుండా ఉన్నవాణ్ణి ఉన్నట్టు తలచుకునే ఈ పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. సరిహద్దుకు అవతల తెరుక్కూత్తు అనే తమిళ వీధి నాటకం ఆడే బృందాలు ఇదే కర్మ రాత్రి కర్ణమోక్షం ఆడతాయి. సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టేటప్పుడు మరోసారి అందరి పేర్లూ వరసగా పలుకుతారు.

ఇప్పుడు చావింట్లో శవం కంటే ముందు ఫ్రీజర్ పెట్టె వస్తోంది. దాని మోటారు శబ్దంలో చరణం వినపడదు. సెంటర్లో రెండు భాషల్లో ఫ్లెక్సీ లేస్తుంది, అందులో ఫొటో, రెండు తేదీలు, కింద నివాళి చెప్పేవాళ్ల ఫొటోలు డజను ఉంటాయి. స్పీకరులో ఎవరో ఎప్పుడో పాడిన ఏడుపు పాట మోగుతుంది, అందులో ఏ అమ్మయినా ఒకే అమ్మ. వీటిని తెచ్చుకున్నవాళ్లను తప్పుపట్టను. దూరాన ఉన్న కొడుకు వచ్చేదాకా శవం నిలవాలి కదా. స్పీకరును మాత్రం ఆపొచ్చు. ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నంతసేపు దాన్ని ఆపమని చెప్పడానికి ఇంటికొక పెద్దమనిషి చాలు.

2008లో శ్రీసిటీ పారిశ్రామికవాడ మొదలయ్యాక సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల ఆడపిల్లల బతుకు మారింది. కంపెనీ బస్సులో షిఫ్టుకు పోయే అమ్మాయికి నాట్ల పాట తెలియదు, శోకం ఎత్తుకోవాలంటే మొహమాటం. అయితే వాళ్లమ్మ తెల్లవారుజామున లేచి టిఫిను డబ్బా కట్టి, టార్చిలైటు పట్టుకుని బస్సు దాకా వచ్చి, నైట్ షిఫ్టు రోజుల్లో పడుకోకుండా ఎదురు చూసిన సంగతి ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. పాలచెంబుకు, చెనిక్కాయల కల్లానికి చోటిచ్చిన శోకం టిఫిను డబ్బాకు, కంపెనీ బస్సుకూ చోటిస్తుంది. రాగం రాకపోయినా ఫరవాలేదు, పక్కనున్న పెద్దమ్మలు అందుకుంటారు. ఆ సంగతులు చెప్పాల్సింది మాత్రం ఆ అమ్మాయే.