వీడియో గేముల చిత్రకథలు - అధికారివిచారము

శాస్త్రగ్రంథారంభమున ననుబంధచతుష్టయమును జెప్పుట ప్రాచీనుల మర్యాద. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నీ నాల్గింటిలో మొదటి మూఁడింటిని గూర్చి గ్రంథకర్తలు విరివిగా వ్రాయుదురు. నాల్గవదానిని ఒక్క మాటతో ముగింతురు. కావ్యవిషయమునందైనచో నధికారి సహృదయుఁడని చెప్పి యూరకుందురు. కాని యీ కాలమున నొక క్రొత్త రచనాజాతి పుట్టినది. దాని గుణదోషములన్నియు నధికారి యెవఁడను ప్రశ్నపైననే యాధారపడి యున్నవి. వీడియో గేములాడు వారి కొఱకు అమెరికా దేశీయులు కొందఱు అంతర్జాలమునఁ బ్రకటించుచు వచ్చిన చిత్రకథలే యా జాతి. వెబ్‌కామిక్కులని వానికి వ్యవహారము.

ఇట్టి చిత్రకథలు సాహిత్యవిమర్శకు నర్హములు గావని కొందఱి యాక్షేపము. ఆటను ఆడనివానికి బోధపడనిదియు, ఆట పాతపడఁగనే తానును బాతపడునదియు నగు రచన కావ్యజాతిలో నెట్లు చేరునని వారి ప్రశ్న. ఈ యాక్షేపములో రెండంశములు కలవు. వానిని వేఱువేఱుగఁ బరీక్షింపవలెను. ఆడనివానికి బోధపడకుండుటయే దోషమైనచో వ్యాకరణసూత్రములన్నియు దోషయుక్తములే కావలసి యుండును. అనువృత్తి నెఱుఁగనివానికిఁ బాణినీయసూత్రములలోఁ బెక్కింటి యర్థము తెలియదు. ముందు సూత్రమునఁ జెప్పిన పదమును తరువాతి సూత్రములలో మరలఁ జెప్పకయే చెప్పినట్లు గ్రహింపఁజేయుట యనువృత్తి. శాస్త్రమునకుఁ గలిగిన లాఘవములో మిక్కిలిభాగము దానివలననే. వీడియో గేముల చిత్రకథలోను నిట్టి యనువృత్తి కలదు. అయితే యది ముందటి వాక్యమునుండి కాక, చదువరి గడచిన రాత్రి యాడిన యాటనుండి వచ్చుచున్నది. భేదమింతియే.

ఒక్క సమూహమునకే యుద్దేశింపఁబడిన చిత్రకథ తెలుఁగువారికిని గ్రొత్త గాదు. తెలంగాణమున చేర్యాల నకాశీలు వ్రాసిన పటములను జూపి, కాకిపడగలవారు ముదిరాజులకును, కూనపులివారు పద్మశాలీలకును, గౌడజెట్టీలు గౌడులకును వారివారి కులపురాణములను వినిపించుచు వచ్చిరి. వినువాఁడు కథ నెఱిఁగినవాఁడే యగుటచే చిత్రకారునకు విస్తరముతోఁ బనిలేకపోయెను. కావున నధికారి సంకోచము స్వయముగా దోషము గాదు. ఆ సంకోచమును గ్రహించిన కవి దానినెట్లు వినియోగించెనన్నదే విచార్యము.

ఈ జాతికి మేలుబంతియని చెప్పఁదగినది పెన్నీ ఆర్కేడ్. జెర్రీ హోల్కిన్స్ మాటలు వ్రాయఁగా, మైక్ క్రాహూలిక్ బొమ్మలు గీయఁగా, 1998 నవంబరులో నిది లూనీగేమ్స్ అను అంతర్జాలపత్రికలోఁ దొలుత వెలువడెను. మఱుసటి యేఁటనుండి స్వతంత్రముగాఁ బ్రకటితమయ్యెను. వారమునకు మూఁడుమాఱులు, తఱచుగా మూఁడేసి చట్రములతో నుండును. టైకో, గేబ్ అను నిద్దఱు మిత్రులు కర్తలకే ప్రతిరూపములు. మొదటి చట్రమున ప్రసంగము, రెండవదాన విపరీతము, మూఁడవదాన నిర్వహణము. మూఁడు వాక్యములలో నొక ప్రహసనము ముగియును.

ఈ రచనలో విశేషముగా గమనింపవలసినది మఱియొకటి కలదు. ప్రతి చిత్రకథతోడను హోల్కిన్స్ వ్రాసిన గద్యమొకటి ప్రకటింపఁబడును. ఏ యాటను గూర్చి యీ పరిహాసము, ఏ వార్త దీనికి హేతువు అను సంగతులు పలుమాఱులు దానివలనఁ దెలియును. చిత్రము సూత్రమైనచో నా గద్యము వృత్తి. ఆట మఱపునఁ బడిన తరువాతఁ జదువువానికి వృత్తియే శరణ్యము. వృత్తి లేనిదే నిలువలేని సూత్రములు కొన్ని యిందుఁ గలవనుట సత్యము. ఒక యంత్రపు వెలను గూర్చియు, ఒక యాట విడుదల యాలస్యమగుటను గూర్చియుఁ జేసిన పరిహాసములు నేఁడు వెలవెలఁబోవుచున్నవి. ఆటగాని యసూయ, సోమరితనము, మిత్రునిపై గెలువవలెనను పంతము విషయములైన చోటులు మాత్రము వాడలేదు. ఆక్షేపములోని రెండవ యంశమునకు నిదియే సమాధానము: వార్త నాశ్రయించినది వార్తతోఁ బోవును, స్వభావమును ఆశ్రయించినది నిలుచును. గ్రామ్యతాదోషము మాత్రము దీనియందు విస్తారముగాఁ గలదు. బూతుమాట లేక నవ్వు పుట్టదను భ్రమ యీ కర్తలను దఱచుగా బాధించినది.

అనువృత్తిని మిక్కిలి నేర్పుతో వాడినది బ్రయన్ క్లెవింజర్ రచించిన ఎయిట్ బిట్ థియేటర్. ఇది 2001 మొదలు 2010 వఱకు సాగిన దీర్ఘకథ. 1987లో జపాను దేశమున వెలువడిన ఫైనల్ ఫాంటసీ యను నాటలోని పాత్రలే యిందలి నాయకులు. ఆ యాటలోని బొమ్మలే యిందలి బొమ్మలు. చిన్న చిన్న చతురస్రముల కూర్పగు నా బొమ్మలకు ముఖవికారము లత్యల్పములు. నల్ల మాంత్రికుని ముఖమైతే టోపీనీడలో మఱుఁగుపడి రెండు కన్నులు మాత్రమే కనఁబడును. ఆహార్యము ఎరువు తెచ్చినది. ఆంగికసాత్త్వికములకు నవకాశము మృగ్యము. ఇఁక మిగిలినది వాచికమొక్కటియే. ఈ లేమియే కవికి మేలైనది. ఖడ్గములు తప్ప నన్యమెఱుఁగని యోధుఁడు, క్రూరుఁడగు నల్ల మాంత్రికుఁడు, ధనలోభియగు దొంగ, లోకమునంతను ఆటనియమములతోఁ గొలుచు నెఱ్ఱ మాంత్రికుఁడు, ఈ నలుగురును వారివారి మాటతీరు చేతనే వేఱువేఱుగఁ దోఁచుదురు.

ఇందలి నిర్వహణము ప్రత్యేకముగాఁ జెప్పఁదగినది. తొమ్మిదేండ్లు నడచిన కథలో నంత్యశత్రువగు కేయాస్‌ను నాయకులు జయింపరు. చదువరికి యుద్ధమైనను జూపకయే, నలుగురు తెల్ల మాంత్రికులు వానిని జయించినట్లు చెప్పఁబడును. ఆట నెఱుఁగనివాఁ డిది కథాభంగమని తలంచును. ఎఱిఁగినవానికో, మూలమగు నాటలో నాఱు తెగలనుండి నలుగురిని ఎన్నుకొను స్వాతంత్ర్యము ఆటగానికిఁ గలదనియు, గాయములు మాన్పుటయే ముఖ్యశక్తిగాఁ గల తెల్ల మాంత్రికులనే నలుగురిని ఎన్నుకొని గెలుచుట కష్టసాధ్యమనియుఁ దెలియును. కావున నీ ముగింపు చదువరి కోరికను భంగపఱచుచునే, యెవఁడో యజ్ఞాతుఁడగు నాటగాఁడు కష్టమార్గమున గెలిచినాఁడని ధ్వనింపఁజేయుచున్నది. వాచ్యమున నిరాశ, వ్యంగ్యమునఁ బరిహాసము. ఇట్టిచోట నధికారి సంకోచము గుణమే యైనది.

దోషమైన చోటులను గూడ విచారింపవలెను. 2010 ఆగస్టున పెన్నీ ఆర్కేడులో నాఱవ బానిసను గూర్చిన చిత్రకథ యొకటి వెలువడెను. పలువురు కూడి యాడు నాటలలో నైదుగురు బానిసలను విడిపింపుమని యాజ్ఞ యుండును. ఐదుగురు కాఁగానే వీరుని పని ముగియును. ఆఱవవాఁడు తన్ను విడిపింపుమని వేఁడుకొన్నను వీరుఁడు లెక్క ముగిసినదని వెడలిపోవును. దయను సంఖ్యగా మార్చిన యాటనియమమును బరిహసించు నీ కల్పన మంచిదే. కాని యా బానిస తన యార్తిని జెప్పుటకుఁ గవి మానభంగమును నవ్వుల మాటగా వాడెను. అట్టి దుఃఖము ననుభవించినవారును, వారి పక్షమువారును చదువరులలోనే యుండిరి. వారు నొచ్చుకొని యాక్షేపించిరి. కర్తలు మొదట నెత్తిపొడుపుతో బదులు చెప్పి, యా మాటను జిహ్నముగాఁ జేసి దుస్తులను సైతము విక్రయించిరి. 2011 ఆరంభమున నా దుస్తులను విక్రయమునుండి తొలఁగించిరి. ఇచ్చటి దోషము హాస్యము కఠినమగుట మాత్రమే కాదు. అధికారి యన నాటనియమము తెలిసినవాఁడని మాత్రమే కర్తలు తలంచిరి. అతనికి వేఱొక జీవితమును గలదని తలంపరైరి.

ఆ కర్తలే 2003లో ఆటగాండ్రు హింసాప్రియులను నిందకుఁ బ్రత్యుత్తరముగా చైల్డ్స్ ప్లే యను ధర్మకార్యమును నెలకొల్పి, ఆసుపత్రులలోని బిడ్డలకు నాటవస్తువులు చేరునట్లు చేసిరి. చదువరులు ధారాళముగా నిచ్చిరి. ఆ చదువరుల హృదయ మెట్టిదో యెఱిఁగినవారే ఆఱవ బానిసకడ దానిని మఱచుట చింతింపఁదగినది.

మూఁడవ యుదాహరణము టిమ్ బక్లీ 2002లో నారంభించిన కంట్రోల్ ఆల్ట్ డిలీట్. ఆటల పిచ్చిగల ఈథన్ అను యువకుఁ డిందలి నాయకుఁడు, స్వభావముచే విదూషకుఁడే. 2008 జూన్ 2వ తేదిన లాస్ అను చిత్రకథ వెలువడెను. నాలుగు చట్రములు; ఒక్క మాటయు లేదు. ఈథన్ ఆసుపత్రి వాకిటఁ బ్రవేశించును, పరిచారికను అడుగును, వైద్యునితో మాటలాడును, కడపటి చట్రమున గర్భస్రావమై శయ్యపై నొరగి యేడ్చు లైలాకడ నిలుచును. విడిగాఁ జూచినచో నీ చిత్రమున నిందింపఁదగినది లేదు. మాట మానిన చోట దుఃఖము పలుకుటయే యుచితము.

అయినను జదువరులు నవ్విరి. హాస్యకరుణములు పరస్పరవిరోధులని యాలంకారికులు చెప్పిరి. విరోధిరసము లెడము లేక వచ్చునపుడు నడుమ నవిరోధియగు వేఱొక రసమును నిలుపవలెనని ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున నుపదేశించి, నాగానందనాటకమున శాంతశృంగారములు నిలుపఁబడిన రీతిని జూపెను. బక్లీ యీ వ్యవధానమును జాలినంతగాఁ గల్పింపలేదు. గర్భవార్త కథలో ముందే చెప్పఁబడినదైనను, ఈథన్‌కు దుఃఖమును భరింపఁదగిన గాంభీర్య మంతకుముందు కలిగింపఁబడలేదు. విదూషకుఁ డకస్మాత్తుగా నేడ్చినచో రంగముముందటివారు దానిని మఱియొక పరిహాసమనియే తలంతురు. దోషము వస్తువునందు లేదు, ఆశ్రయమునందుఁ గలదు.

ఆ తరువాత జరిగినది మఱింత విచిత్రము. ఈ చట్రములను వేలకొలఁది మంది యనుకరించిరి. తుదకు నిలువుగీఁత యొకటి, గీఁతలు రెండు, మరల రెండు, నిలువు గీఁత ప్రక్క నడ్డగీఁత. ఇంతమాత్రము గీచిన నా చిత్రమే స్ఫురించునంతటి ప్రసిద్ధి దానికిఁ గలిగినది. యోగార్థము నశించి రూఢి మాత్రము నిలిచిన శబ్దమువలె, దుఃఖము పోయి గీఁతలు మిగిలినవి. కవి చేసిన తప్పునకుఁ జదువరులు నవ్వుట న్యాయమే. కాని బిడ్డను గోల్పోయిన స్త్రీ రూపము కేవలమొక యడ్డగీఁతగా మాఱువఱకు నా నవ్వు సాగుట న్యాయము గాదు. సహృదయత్వము కవిని మాత్రమే యడుగవలసిన గుణము గాదు. చదువరిని గూడ నడుగవలెను.

ఈ మూఁడింటివలన సిద్ధించునది యేమనఁగా: ఆటగాండ్రకుఁ జిత్రకథ రచింపఁబూనువాఁడు వారి పరిభాషను నిస్సంకోచముగా వాడవచ్చును; ప్రతి నియమమును వివరింపఁబనిలేదు; వివరించినచో లాఘవము చెడును. కాని యనువృత్తమగు నంశము పరిహాసమునకు సాధనము గావలెనే కాని ఫలము గారాదు. ఫలము మనుష్యస్వభావమునందే యుండవలెను. హాస్యమునుండి కరుణమునకుఁ బోఁదలఁచినవాఁడు పాత్రను ముందే సిద్ధపఱుపవలెను. ఆటగాఁడను పేరు చదువరికి నుపలక్షణము మాత్రమే. ఆ పేరు చాటున నుండువాఁడు రోగియో, తల్లియో, గాయపడినవాఁడో కావచ్చును. ఈ జాతికి లక్షణము వ్రాయఁబూనువారు మొదట నీ యధికారిస్వరూపమును సమగ్రముగా నిరూపించి, పిమ్మట గుణదోషవిభాగమునకుఁ బూనుట యుచితము.