రెండో తారీఖు ప్రార్థన

డిసెంబరు 31 రాత్రి పెద్దాపురంలో ప్రార్థన చెయ్యడం కష్టమేమీ కాదు. చర్చి నిండా జనం. పాటలు, సాక్ష్యాలు, పన్నెండు కొట్టే వేళకి అందరూ మోకాళ్ల మీద. పక్కవాళ్ల గొంతే మన గొంతుని లేవదీస్తుంది. ఆ పైన కేకు, చేతికో వాగ్దానపు కార్డు. అసలు పరీక్ష రెండో తారీఖు తెల్లారగట్లే. పిల్లల క్యారేజీలు సర్దాలి, సామర్లకోటలో రైలు అందుకోవాలి, కళ్లు తెరవక ముందే చెయ్యి ఫోను వెతుక్కుంటూ ఉంటుంది.

నేను లూథరన్ సంఘంలో పెరిగినవాణ్ణి. మా సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1535లో ప్రార్థన గురించి ఓ చిన్న పుస్తకం రాశాడు. పండితుల కోసం కాదు, తనకి క్షవరం చేసే పీటర్ కోసం. పొద్దున్న మొదటి పనీ, రాత్రి ఆఖరి పనీ ప్రార్థనే కావాలన్నాడు. ‘ఈ ఒక్క పనీ చూసుకుని గంటలో చేస్తాను’ అనే ఆలోచనని నమ్మొద్దన్నాడు. కత్తి పట్టిన క్షురకుడి చూపు కత్తి మీద ఉన్నట్టు ప్రార్థించేవాడి మనసు ప్రార్థన మీద ఉండాలన్నాడు. కబుర్లలో పడితే తెగేది ఎదుటివాడి చెంపే కదా!

మాటలు దొరకనివాళ్లకి దారీ చూపించాడు. పది ఆజ్ఞల్లో ఒకటి తీసుకో. అది నేర్పేదేమిటో చూడు, అందుకు కృతజ్ఞత చెప్పు, నీ తప్పు ఒప్పుకో, కావలసింది అడుగు. పది నిమిషాల పని.

ఇంకో దారి మన గోదావరి గట్టునే ఉంది. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను మొదలుపెట్టిన దేవదాసు అయ్యగారు అడగడంతో పాటు దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టుకుని ఉండడం నేర్పారు. వాగే నోటికి ఇది అన్నిటికన్నా కష్టమైన సాధన.

ఏ దారి పట్టినా వేళ, చోటు ముందే తేల్చుకోవాలి. మనసు కుదిరినప్పుడు చేద్దామంటే మనసు ఎప్పటికీ కుదరదు. ధనుర్మాసంలో మా ఇరుగుపొరుగు చలిలో లేచి ముగ్గులేసి గుడికి వెళతారు. ఈ రోజు లేవాలా వద్దా అని వాళ్లు రోజూ చర్చ పెట్టుకోరు. బైబిల్లోని దానియేలూ అంతే. రోజుకి మూడుసార్లు ప్రార్థించేవాడు. ప్రార్థించకూడదని శాసనం వచ్చిన రోజు కొత్తగా ఏమీ చెయ్యలేదు, యథాప్రకారం మోకరించాడు. సింహాల గుహ దాకా వెళ్లిన ధైర్యం ఆ అలవాటు పెట్టిందే.

నేను చేసేది చెబుతాను. ఫోను ఇంకో గదిలో పెట్టి, వంటింటి పక్క కుర్చీలో కూర్చుని రోజుకో కీర్తన బైటికి చదువుతాను. బైబిల్లో కీర్తనలు 150. జనవరి ఒకటిన మొదలెడితే మే నెలాఖరుకి పూర్తవుతాయి. 117వది రెండే వచనాలు, తీరిక లేదనడానికి వీల్లేదు. 119వది 176 వచనాలు, అది వేసవి పొద్దులకి దాచుకోవచ్చు. చదివాక నోటుపుస్తకంలో రాసుకున్న పేర్లు: ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు, మాటలు మానేసిన బంధువు. ఈ ఆఖరి పేరు దగ్గర ప్రార్థన నిజంగా ప్రార్థన అవుతుంది. అతని కోసం రోజూ అడుగుతూ అతని మీద కోపం అలాగే పెట్టుకోవడం కుదరదు. ముగింపు ప్రభువు నేర్పిన ప్రార్థన, ఇంటిల్లిపాదీ కలిసి.

ఓ రోజు తప్పిపోతుంది, తప్పకుండా తప్పిపోతుంది. చాలామంది అక్కడే మానేస్తారు. తప్పినదాన్ని బాకీగా లెక్కేసి, రెట్టింపు చేసి తీర్చబోయి, అలిసిపోతారు. ప్రభువు మనల్ని అడగమన్నది ఏ రోజు ఆహారం ఆ రోజుకే. నిన్నటిది వదిలెయ్యండి, ఇవాళ్టి కీర్తన తెరవండి.